పుస్తకానికి పది రూపాయలు ఇస్తే చదివే ఇష్టం పెరుగుతుందా, పోతుందా?

చిన్నోడి_అమ్మ
మావాడు నాలుగో తరగతి. బొమ్మల కథల పుస్తకం చేతికిస్తే అన్నం సంగతి కూడా మర్చిపోయే రకం. వేసవి సెలవుల్లో మా మామగారు ముచ్చటపడి "ఒక్కో పుస్తకం పూర్తిచేస్తే పది రూపాయలు" అని పెట్టారు. మొదట్లో ఇంటిల్లిపాదికీ సరదాగానే ఉంది. పోనుపోను వాడు సన్నటి పుస్తకాలు, పెద్ద పెద్ద అక్షరాలున్నవి ఏరుకోవడం మొదలెట్టాడు. ఇప్పుడు బడులు తెరిచారు, తాతగారు ఊరెళ్ళిపోయారు, వీడు పుస్తకాల గూడు వైపు కన్నెత్తి చూడ్డంలేదు. మొన్న నేనే ఒకటి తీసి ఇస్తే "చదివితే ఎంతిస్తావ్?" అన్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. మామగారిని ఏమీ అనలేను, ఆయన ప్రేమతోనే చేశారు. మా ఆయనేమో "మనం ఇరవై ఇద్దాం, దెబ్బకి చదువుతాడు" అంటున్నారు. ఇవ్వాలా వద్దా? అసలు ఇలా ఎందుకవుతుంది? మనస్తత్వశాస్త్రం చదివినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.

పాలమూరు_పోరడు
ఇరవై ఇయ్యకు అక్కా. రేపు యాభై అంటడు, ఎల్లుండి జీఎస్టీ కలిపి బిల్లు చేతిల పెడతడు.

సైకాలజీ_సుధ
మీ ఇంట్లో జరిగిందానికి అచ్చంగా సరిపోయే ప్రయోగం ఒకటుంది. మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ చేశారు, 1973లో అచ్చయింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆవరణలోని బింగ్ నర్సరీ స్కూల్లో మూడు నుంచి ఐదేళ్ళ పిల్లల మీద. ముందు కొన్నాళ్ళు ఊరికే గమనించి, స్కెచ్ పెన్నులతో బొమ్మలేయడం ఎవరికి సహజంగానే ఇష్టమో వాళ్ళనే ఎంచుకున్నారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరపడుతుంది.

51 మంది పిల్లలు, మూడు గుంపులు. మొదటి గుంపుకి "బొమ్మలేస్తే నీకిది ఇస్తాం" అని బంగారు నక్షత్రం, ఎర్ర రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ముందే చూపించారు. రెండో గుంపుకి ముందు ఏమీ చెప్పలేదు, వేశాక అదే సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. మూడో గుంపుకి ఏమీ లేదు. ఒకటి రెండు వారాలయ్యాక తరగతిలో ఆ పెన్నులు మళ్ళీ పెట్టి, ఎవరేం చేసుకుంటారో వాళ్ళ ఇష్టానికి వదిలేసి చూశారు. బహుమతి ఆశతో వేసిన పిల్లలు తమ సమయంలో 8.6 శాతం మాత్రమే బొమ్మల దగ్గర గడిపారు. ఏమీ ఇవ్వనివాళ్ళు 16.7 శాతం, అనుకోకుండా బహుమతి అందుకున్నవాళ్ళు 18.1 శాతం. అంటే ముందే బేరం కుదుర్చుకున్న పిల్లల్లో ఆసక్తి దాదాపు సగానికి పడిపోయింది. పైగా బహుమతి కోసం వేసిన బొమ్మల్లో నాణ్యత కూడా తగ్గింది. మీవాడు సన్న పుస్తకాలు ఏరుకున్నాడన్నారే, అలాంటిదే.

వాళ్ళు చెప్పిన కారణం ఏమిటంటే, "నేనీ పని ఎందుకు చేస్తున్నాను?" అన్న ప్రశ్నకి మనిషి తన ప్రవర్తన చూసుకునే జవాబు వెతుక్కుంటాడు. బహుమతి లేనప్పుడు "నాకిష్టం కాబట్టి" అనుకుంటాడు. ఎదురుగా డబ్బుంటే "దానికోసం" అని సరిపెట్టుకుంటాడు. డబ్బు ఆగిపోయాక ఇక కారణం మిగలదు.

కడప_కుర్రోడు
అట్లయితే నాకు నెలనెలా జీతమిస్తా ఉండారు కాబట్టే నా ఉద్యోగం మీద నాకు ఇష్టం ల్యాకుండా పోయిందన్నమాట. మా మేనేజరుకి ఈ లింకు పంపిస్తా.

పాలమూరు_పోరడు
పంపియ్యన్నా, జీతం ఆపి చూస్తరు, ఇష్టం పెరుగుతదేమో.

లెక్కల_మాస్టారు
నవ్వులు సరే. సుధగారు చెప్పిన ప్రయోగం నాకూ తెలుసు, కానీ దాన్ని పట్టుకుని "బహుమతి విషం" అనేస్తే నేనొప్పుకోను. ఇరవై ఏళ్ళకు పైబడి పాఠాలు చెబుతున్నాను. చదవడం అంటేనే పారిపోయే పిల్లాడికి మొదటి అడుగు వేయించడానికి ఏదో ఒకటి చూపించాల్సిందే.

పుస్తకానికి డబ్బివ్వడం గురించే నేరుగా ఒక పెద్ద ప్రయోగం ఉంది. అమెరికాలో రోలండ్ ఫ్రయర్ అనే ఆర్థికవేత్త వేలమంది పిల్లల మీద చేసి 2011లో ప్రచురించాడు. డల్లాస్‌లో రెండో తరగతి పిల్లలకి పుస్తకానికి 2 డాలర్లు. చదివామని చెబితే చాలదు, కంప్యూటర్ మీద చిన్న పరీక్ష రాసి నెగ్గాలి. ఆ పిల్లల్లో చదివి అర్థం చేసుకునే శక్తి మెరుగైంది. చదువు మీద సహజమైన ఇష్టం తగ్గిందా అని కూడా అడిగి చూశారు, తగ్గిన జాడ కనపడలేదు. అదే మనిషి న్యూయార్క్‌లో, షికాగోలో మార్కులకి డబ్బిస్తే మాత్రం ఫలితం శూన్యం. నాకు దీనిలో తర్కం కనిపిస్తుంది. "పుస్తకం చదువు" అంటే పిల్లాడికి ఏం చేయాలో తెలుసు. "మార్కులు తెచ్చుకో" అంటే ఎలాగో తెలియదు, డబ్బు ఎంత చూపించినా తెలియదు.

కాబట్టి చిన్నోడి నాన్నగారు చెప్పేది మరీ కొట్టిపారేయాల్సిన మాట కాదు.

చిన్నోడి_అమ్మ
మాస్టారూ, ఈ పోస్టు మా ఆయనకి చూపించను గాక చూపించను.

సైకాలజీ_సుధ
మాస్టారూ, ఆ రెండిటికీ నిజానికి తగువు లేదు. డల్లాస్‌లో డబ్బిచ్చింది అందరికీ, ఇష్టం ఉన్నా లేకున్నా. బింగ్ స్కూల్లో ఇచ్చింది అప్పటికే ఇష్టం ఉన్నవాళ్ళకి. గుర్తుపెట్టుకోమన్న ముక్క అందుకే. చదవనివాడికి పది రూపాయలు ఒక కారణాన్ని కొత్తగా ఇస్తాయి. చదివేవాడికి, ఉన్న మంచి కారణాన్ని పక్కకి నెట్టేస్తాయి. చిన్నోడు రెండో రకం.

ఈ విషయంలో పండితుల మధ్య కూడా పెద్ద యుద్ధమే నడిచింది. 1994లో కామెరాన్, పియర్స్ పాత ప్రయోగాలన్నీ కలిపి లెక్కలేసి, బహుమతులవల్ల ఆసక్తికి చెప్పుకోదగ్గ నష్టమేమీ లేదన్నారు. 1999లో ఎడ్వర్డ్ డెసి, కోస్ట్‌నర్, రయాన్ 128 ప్రయోగాలు కలిపి మళ్ళీ లెక్క కట్టారు. పని ఆసక్తికరమైనదైతే, బహుమతి చేతితో పట్టుకునేదైతే, అది ముందే ఒప్పుకున్నదైతే ఆసక్తి తగ్గుతోందని తేల్చారు. మెచ్చుకోలు మాటలవల్ల మాత్రం పెరుగుతోంది, చిన్నపిల్లల్లో కన్నా కాలేజీవాళ్ళలో అది బాగా కనపడింది.

డెసి తొలి ప్రయోగం 1971లో అచ్చయింది. ముక్కలు పేర్చి ఆకారాలు చేసే సోమా పజిల్ కాలేజీ కుర్రాళ్ళకిచ్చాడు. కొందరికి, చేసిన ఒక్కో ఆకారానికీ ఒక డాలరు. మధ్యలో ఏదో పనున్నట్టు గది బయటికెళ్ళి 8 నిమిషాలు వాళ్ళని ఒంటరిగా వదిలేసేవాడు. బల్ల మీద పత్రికలూ ఉండేవి. ఆ 8 నిమిషాల్లో ఎవరూ అడక్కుండా పజిల్ ఎంతసేపు ముట్టుకున్నారన్నదే కొలత. డబ్బు తీసుకున్నవాళ్ళు, డబ్బు ఆగిన తర్వాత, ఆ ముక్కల జోలికి తక్కువగా వెళ్ళారు.

బే_ఏరియా_బుజ్జి
ఇక్కడ మా ఊళ్ళో వారాంతం తెలుగు తరగతుల్లో నేను వాలంటీరుని. అక్షరాలు దిద్దితే స్టిక్కర్ ఇచ్చే పద్ధతి ఎవరో మొదలెట్టారు. ఇప్పుడు స్టిక్కర్లు అయిపోయిన రోజు "ళ" రాయించడం నావల్ల కావడంలేదు. కొంతమంది బుడ్డోళ్ళు ముందు డబ్బా తెరిచి ఏ స్టిక్కర్లున్నాయో చూసుకుని, నచ్చితేనే పెన్సిల్ పడుతున్నారు.

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి ఇంకోటి. ఇజ్రాయెల్‌లో హైఫా అనే ఊళ్ళో పది శిశు సంరక్షణ కేంద్రాల్లో గ్నీజీ, రుస్టికీనీ అనే ఆర్థికవేత్తలు చేసిన ప్రయోగం. తల్లిదండ్రులు సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళడానికి ఆలస్యంగా వస్తుంటే, ఆరు కేంద్రాల్లో 10 షెకెల్స్ (అక్కడి డబ్బు) జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గాలి కదా? పెరిగాయి, దాదాపు రెట్టింపయ్యాయి. అంతకుముందు టీచరమ్మ మన కోసం కూర్చోవాలే అన్న మొహమాటం ఉండేది. జరిమానా రాగానే "డబ్బు కడుతున్నాం కదా" అయిపోయింది. తర్వాత జరిమానా ఎత్తేసినా మొహమాటం తిరిగి రాలేదు. 2000లో అచ్చయింది. నాకు భయం పుట్టించింది ఆ చివరి ముక్కే.

కడప_కుర్రోడు
మా అపార్ట్‌మెంట్లో మెయింటెనెన్స్ ఆలస్యమైతే యాభై రూపాయల ఫైను పెట్నారు. అప్పట్నుంచి అందరూ దర్జాగా ఆలస్యంగానే కడతాండారు. ఇప్పుడర్థమైంది.

వరంగల్_వాణి
నేను సర్కారు బడిల టీచర్ని. మూడో తరగతి. మాకు పైనుంచి చెప్పిండ్రని గోడకు ఒక చార్టు పెట్టినం. పిల్లల పేర్లు, పక్కన నక్షత్రాలు. మొదట్ల మంచిగనే అనిపించింది. తర్వాత చూస్తే నక్షత్రాలు వచ్చేది ఎప్పుడూ వచ్చే అయిదారుగురికే. కింద ఉన్న ఒక పిల్ల, పేరు వద్దు, రోజు బడికి రాంగనే ఆ గోడ దిక్కు చూడకుండ తల వంచుకొని పోయి కూసుంటుండె. బలపం పట్టుకున్న చెయ్యి కూడ బిగబట్టి, తప్పు రాస్తనేమో అని పలక నాకు కనపడకుండ ఛాతికి ఆనిచ్చుకునేది. చార్టు తీసేసిన. ఆ పిల్ల పలక నాకు మళ్ల చూపియ్యడానికి శానా రోజులు పట్టింది.

మీరంత బహుమతి వచ్చిన పిల్లల గురించే మాట్లాడుతున్నరు. రాని పిల్ల గురించి ఎవ్వరు మాట్లాడుతలేరు.

సైకాలజీ_సుధ
వాణిగారూ, ఈ చర్చలో ఇంతవరకూ వచ్చిన మాటల్లో ముఖ్యమైనది మీదే. డెసి, రిచర్డ్ రయాన్ తర్వాత కట్టిన సిద్ధాంతంలో మనిషికి మూడు మానసిక అవసరాలు చెబుతారు. నా పని నా ఇష్టంతో చేస్తున్నాననిపించడం, నాకు చేతనవుతోందనిపించడం, నావాళ్ళంటూ ఉన్నారనిపించడం. బహుమతి ఏదైనా సరే పిల్లకి రెండు కబుర్లలో ఒకటి మోసుకొస్తుంది. "నువ్వు బాగా చేస్తున్నావు" అనో, "నిన్ను ఆడిస్తున్నది నేను" అనో. మొదటిది బలమిస్తుంది, రెండోది పిండేస్తుంది. ఆ పిల్లకి మీ చార్టు మూడింటినీ లాగేసింది: ఇష్టం లేదు, చేతకాదని గోడ మీద రాసుంది, నలుగురిలో విడిపోయింది.

లెక్కల_మాస్టారు
వాణిగారి చార్టు విషయంలో నేనూ ఆవిడ పక్షమే. కానీ బహుమతి పెద్దవాళ్ళకిస్తే? మన దగ్గరే జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలై, పల్లెల్లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ చేసిన ప్రయోగం. పిల్లలు ఎంత మెరుగైతే టీచర్లకి అంత బోనస్. బోనస్ ఏమంత గొప్పది కాదు, సగటున ఏడాది జీతంలో 3 శాతం. రెండేళ్ళకి ఆ బడుల పిల్లలు లెక్కల్లో, భాషలో మిగతా బడుల కన్నా స్పష్టంగా ముందున్నారు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సాంఘికంలో కూడా మెరుగే. టీచర్ల ఇష్టం చచ్చిపోయుంటే ఇది జరిగేదా?

వరంగల్_వాణి
సార్, టీచరు జీతానికే వచ్చిండు, ఇంకింత ఇస్తే ఇంకింత చేస్తడు, సంతోషం. మూడో తరగతి పిల్ల జీతానికి రాలేదు.

పాలమూరు_పోరడు
అక్కకు ఒక నక్షత్రం. అయ్యో, చార్టు తీసేసిండ్రు కదా.

ర్యాంకుల_రవి
నా సంగతి చెప్తాను. ఇంటర్ ఒక రెసిడెన్షియల్ కాలేజీలో. వారం వారం పరీక్ష, సోమవారం పొద్దున్నే మెస్ గోడ మీద ర్యాంకుల లిస్టు, ర్యాంకుని బట్టి సెక్షన్ మార్చేయడం. పెట్టె, పరుపు నెత్తిన పెట్టుకుని కింది సెక్షన్ హాస్టలు గదికి నడిచిన రోజులున్నాయి. పదో తరగతి దాకా నాకు ఫిజిక్స్ పిచ్చి. పాత రేడియో విప్పి మళ్ళీ బిగించేవాణ్ణి. ఇంటర్ అయ్యాక ఆ పుస్తకం చూస్తే కడుపులో తిప్పేది. "ఒత్తిడి ఉంటేనే రాణిస్తారు, సైన్సే చెప్పింది" అని ఒక సారు బోర్డు మీద గంట ఆకారంలో గీత గీసి మరీ చూపించేవాడు. అది నిజమేనా?

సైకాలజీ_సుధ
రవీ, ఆ గీత వెనక ఉన్నది 1908 నాటి యెర్క్స్, డాడ్సన్ ప్రయోగం. ఎలుకల మీద చేసింది. నలుపు తెలుపు పెట్టెల్లో సరైనది ఎంచుకోకపోతే కరెంటు షాకు. తేడా కనిపెట్టడం తేలికైనప్పుడు షాకు పెంచేకొద్దీ త్వరగా నేర్చుకున్నాయి. తేడా కనిపెట్టడం కష్టమైనప్పుడు ఎక్కువ షాకు నేర్చుకోవడాన్ని చెడగొట్టింది, ఓ మోస్తరుదే నయమైంది. అంటే ఆ సారు ఆ గీతని సరిగ్గా చదివుంటే, ఫిజిక్స్ లాంటి కష్టమైన విషయానికి భయం తగ్గించాలి. ఆయన దాన్ని తిరగేసి వాడాడు. ఎలుకకి పెట్టిన షాకుని పిల్లలకి నీతిగా చెప్పడమే ఒక అన్యాయం, తప్పుగా చెప్పడం ఇంకో అన్యాయం.

ర్యాంకుల_రవి
ఇది ఎవరైనా అప్పుడే చెప్పుంటే బాగుండేది. మా చెల్లికి వచ్చే ఏడు ఈఏపీసెట్, అదే పాత ఎంసెట్. పరీక్ష హాల్లో గుండె దడ, అరచేతుల్లో చెమట. దానికేమైనా ఉందా?

సైకాలజీ_సుధ
దడ ఒక్కటే, దానికి మనం పెట్టుకునే అర్థాలు వేరు. 1884లో విలియం జేమ్స్ అనే మనస్తత్వవేత్త తలకిందులుగా ఆలోచించాడు: ఎలుగుబంటిని చూసి భయపడి పరిగెత్తడం కాదు, పరిగెత్తుతున్నాం కాబట్టి భయం అనుభవంలోకి వస్తుందని. వాల్టర్ కానన్ 1927లో అది చాలదన్నాడు, భయంలోనూ కోపంలోనూ ఒంట్లో మార్పులు ఇంచుమించు ఒకేలా ఉంటాయి, మరి మనసుకి తేడా ఎలా తెలుస్తుందని. 1962లో షాక్టర్, సింగర్ ఈ రెండిటినీ కలిపే దారి వెతికారు: ఒంట్లో కదలిక ఒకటి, చుట్టూ చూసి దానికి మనం పెట్టుకునే పేరు ఒకటి. వాళ్ళ ప్రయోగాన్ని తిరిగి చేసినవాళ్ళకి అంత శుభ్రంగా ఫలితాలు రాలేదు, నిజమే. కానీ పేరు మారిస్తే అనుభవం మారుతుందన్న మాట నిలబడింది. 2010లో జెరెమీ జేమీసన్ బృందం పీజీ ప్రవేశపరీక్షకి తయారవుతున్న విద్యార్థుల్లో సగంమందికి "దడ వచ్చినా నష్టం లేదు, అది సాయం కూడా చేస్తుంది" అని ముందే చెప్పింది. వాళ్ళకి లెక్కల్లో మిగతావాళ్ళకన్నా ఎక్కువ మార్కులొచ్చాయి.

చెల్లికి "భయపడకు" అని చెప్పకండి. "గుండె కొట్టుకుంటోందంటే ఒళ్ళు పనికి సిద్ధమవుతోంది" అని చెప్పండి.

డెట్రాయిట్_దొరబాబు
మా ఆఫీసు ట్రైనింగుల్లో ఎప్పుడూ ఆ మాస్లో పిరమిడ్డే, మనిషి అవసరాల మెట్లు. తిండి, భద్రత, ప్రేమ, గౌరవం, పైన ఆత్మసాఫల్యం. చిన్నోడు ఏ మెట్టు మీదున్నాడో?

సైకాలజీ_సుధ
మాస్లో 1943లో వ్యాసం రాశాడు కానీ పిరమిడ్ ఆయన గీయలేదు. 1960లో చార్లెస్ మెక్‌డెర్మిడ్ అనే కన్సల్టెంట్ ఒక వ్యాపార పత్రికలో వేసిందది. కింది మెట్టు నిండితేగాని పైది రాదని మాస్లో కూడా అంత కచ్చితంగా అనలేదు.

కాకినాడ_కాజా
ఇన్ని పేర్లొచ్చాయి, మా ఊరి పేరెవరూ ఎత్తలేదేంటి? ప్రపంచంలో ఏ మేనేజ్‌మెంట్ విద్యార్థిని అడిగినా కాకినాడ ప్రయోగం చెప్తాడు, మన పిల్లలకే తెలీదు.

హార్వర్డ్ ప్రొఫెసర్ డేవిడ్ మెక్లెలాండ్. సాధించాలన్న తపన పుట్టుకతో వచ్చి ఆగిపోయేది కాదు, పెద్దయ్యాక కూడా నేర్పొచ్చని ఆయన పట్టుదల. 1960ల మధ్యలో మా కాకినాడ వ్యాపారస్తుల్ని హైదరాబాద్‌లోని సియెట్‌కి, అంటే ఇవాళ యూసఫ్‌గూడలో ఉన్న చిన్న పరిశ్రమల జాతీయ సంస్థకి, పట్టుకెళ్ళి కొద్దిరోజుల శిక్షణ ఇచ్చారు. పోల్చి చూడ్డానికి, శిక్షణ ఇవ్వని ఊరుగా రాజమండ్రిని పెట్టుకున్నారు. డేవిడ్ వింటర్‌తో కలిసి 1969లో పుస్తకం రాశారు. శిక్షణ పొందినవాళ్ళు కొత్త వ్యాపారాలు మొదలెట్టడంలో, పెట్టుబడి పెట్టడంలో, పనివాళ్ళని పెట్టుకోవడంలో ముందున్నారు. సంప్రదాయాలు పాటించడం వాళ్ళకి అడ్డు కాలేదని కూడా తేలింది.

ఆ శిక్షణలో ఒక ఆటుండేది. మేకుకి రింగులు విసరడం, మన తిరునాళ్ళలో ఆడేదే. ఎంత దూరంలో నిలబడాలో నీ ఇష్టం. సాధించాలన్న తపన ఉన్నవాడు మరీ దగ్గరా నిలబడడు, మరీ దూరమూ నిలబడడు. కష్టపడితే పడుతుంది అనిపించే దూరం ఎంచుకుంటాడు. ఓటమి భయం ఉన్నవాడు అయితే మేకు పక్కనే నిలబడతాడు, లేదా ఎవరూ వెయ్యలేనంత దూరం పోతాడు. అంత దూరం నుంచి తప్పినా ఎవరూ నవ్వరు కదా.

చిన్నోడు సన్న పుస్తకాలు ఏరుకున్నాడన్నారు. అంటే మేకు పక్కకొచ్చి నిలబడ్డాడు. డబ్బు పెట్టకముందు ఎంత లావు పుస్తకాలు చదివేవాడండీ?

రాజమండ్రి_రంభ
మమ్మల్ని శిక్షణ ఇవ్వకుండా ఊరికే కొలిచారన్నమాట. అరవై ఏళ్ళ తర్వాత తెలిసింది, ఇప్పుడెవర్ని అడగాలి?

చిన్నోడి_అమ్మ
కాజా గారూ, నూట యాభై పేజీలది కూడా నాలుగైదు రోజుల్లో లాగించేసేవాడు. తెలియని మాటొస్తే వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి అడిగేవాడు. అదే ఆగిపోయింది, అదే నాకు బాధ. సరే, ఇరవై ఇవ్వను. మరి ఏం చెయ్యమంటారు?

వరంగల్_వాణి
కొన్ని దినాలు చదువమని అసలు అడుగకు. రాత్రి పండుకునేటప్పుడు నువ్వే లావు పుస్తకం పట్టుకొని పైకి చదువు. మంచి రసపట్టు మీద ఆపి దీపం బంద్ చెయ్యి. నేను బడిల గిట్లనే చేస్త. తెల్లారి ఎవరో ఒకరు ఆ పుస్తకం నా టేబుల్ మీదికెళ్ళి ఎత్కపోతరు.

సైకాలజీ_సుధ
దానికి తోడు, తాతగారిని ఫోన్లో వాడుకోండి. డబ్బు గురించి కాకుండా "ఆ కథలో తర్వాతేమైందిరా" అని అడగమనండి. చదివిందాన్ని వినే మనిషి ఉన్నాడంటే పిల్లలు చదువుతారు. మెచ్చుకునేటప్పుడు "తెలివైనవాడివి" అనొద్దు, "ఆ రాక్షసుడి ఎత్తు భలే కనిపెట్టావే" అనండి. పుస్తకం వాడే ఎంచుకోవాలి, మీకు నచ్చకపోయినా సరే, నచ్చకపోతే మధ్యలో వదిలేసే హక్కు కూడా వాడిదే.

లెక్కల_మాస్టారు
కథల పుస్తకాల వరకూ మీ ఇద్దరి మాటా ఒప్పుకున్నాను. కానీ పదమూడో ఎక్కం మీద సహజమైన ఇష్టం ఏ పిల్లాడికీ ఉండదు. అక్కడ మాత్రం పల్లీపట్టి చూపిస్తాను, ఎవరేమన్నా సరే.

సైకాలజీ_సుధ
చూపించండి మాస్టారూ. ఇష్టం లేనిచోట పోయేది ఏమీ లేదు. ఎక్కం నోటికొచ్చి, లెక్కలు వాడంతట వాడే చేస్తున్నాడని కనపడగానే మాత్రం పట్టీ ఆపేయండి.